ఎవరి పైరవీతో మిగిలాం?

కొండల్‌కు కోపం ఎక్కువని ధర్మపురి పక్కన వాళ్ల ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఎక్కువ తక్కువల సంగతి కాదది. మనందరికీ కోపం వస్తుంది, పోతుంది. కొండల్‌కు వచ్చింది పోలేదు. ఏడేళ్ల కింద దుబాయి నుంచి తిరిగొచ్చినప్పుడు తెచ్చిన సబ్బులూ సెంట్లూ చుట్టాలకు పంచిపెట్టాడు గానీ, ఆ కోపాన్ని మాత్రం దగ్గరే ఉంచుకున్నాడు.

దుబాయిలో అతను కూలీల క్యాంపులో ఉండేవాడు. ఒకనాడు పొద్దున పన్నెండు మందితో పనికి పోతున్న వ్యాను ఎడారి రోడ్డు మీద బోల్తా పడింది. పదకొండు మంది అక్కడికక్కడే పోయారు. కొండల్ మిగిలాడు. మోచేతికి నాలుగు కుట్లు పడ్డాయి, అంతే. బయల్దేరే ముందు కిటికీ పక్క సీటులో ఎండ మొహాన కొడుతోందని అతను విసుక్కుంటే, పక్క ఊరి హనుమండ్లు "నేను కూసుంట తియ్, నువ్వు ఇటు రా" అని సీటు మార్చుకున్నాడు. ఆ సీటులో హనుమండ్లు మిగల్లేదు.

ఊరికి వచ్చాక ప్రతివాళ్లూ అతనికి కారణం చెప్పడం మొదలుపెట్టారు. కొండగట్టు అంజన్న కాపాడిండని అవ్వ. తను పంపిన తాయెత్తు పని చేసిందని బావ. నీకింకా ఏదో పని రాసిపెట్టి ఉందని ముక్కూ మొహం తెలియని పెద్దమనుషులు. మరి హనుమండ్లు మొక్కలేదా, అతని మొలకు తాయెత్తు లేదా, అతనికి చేయవలసిన పనులు లేవా? ఈ మాట అడిగితే అందరూ నేల చూపులు చూసేవారు. హనుమండ్లు పెండ్లాం గంగుబాయి ఒక్కతే కారణం చెప్పలేదు. "నా మొగడు నీ జాగల ఎందుకు కూసున్నడే?" అని అడిగింది. ఎండ కొడుతుందని, అన్నాడు కొండల్. అప్పటినుంచి ఎవరైనా "దేవుడి దయ" అన్నారంటే చాలు, కొండల్ ఒంటికాలి మీద లేచేవాడు.

నాలుగేళ్ల కింద వెంకటి అనే కాంట్రాక్టరు దగ్గర డ్రైవర్‌గా కుదిరాడు. పని వినడానికి సులువే. పొద్దున ఐదున్నరకు హైదరాబాద్‌లో ఒక డబ్బా ఎక్కించుకోవాలి, తొమ్మిదింటికల్లా కరీంనగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్లో దింపాలి. డబ్బా సీసంతో చేసింది, ఎత్తితే నడుము పట్టేస్తుంది. లోపల ఉండేది బొటనవేలంత సీసా. అందులో క్యాన్సర్ ఉందో లేదో, ఎంతవరకు పాకిందో చూపించే మందు. ఆ మందుకు ఒక రోగం ఉంది. నూట పది నిమిషాలకొకసారి సగమైపోతుంది. బయల్దేరినప్పుడున్నది కరీంనగర్ చేరేసరికి నాలుగో వంతుకు వస్తుంది. అందుకని హైదరాబాద్‌లోనే లెక్క కట్టి ఎక్కువ నింపుతారు, దారిలో ఆలస్యమైతే పనికొస్తుందని ఒక పిసరు పైన కలుపుతారు. ఎంత కలిపినా దారిలో లారీలకూ గేదెలకూ దాని గురించి తెలియదు కదా.

సెంటర్లో ఆ డబ్బా తీసుకునేది ఆమని. కరీంనగర్ పిల్లే, ముప్పై నిండలేదు. మందు కొలవడం, మనిషి బరువును బట్టి ఎవరికెంత ఎక్కించాలో లెక్క కట్టడం, ఆ కిరణాలు ఇంకెవరికీ తగలకుండా చూడడం ఆమె పని. చేరిన కొత్తలో కొండల్ ఆమెను అడిగాడు.

"మేడం, గీ మందు దారిల ఎందుకు సస్తుంది? పాలిరిగినట్టు ఇరుగుతదా?"

"ఇరగదన్నా, ఆరిపోతది. దీంట్ల అణువులు ఒక్కొక్కటి ఒక చిన్న కణాన్ని బయటికి ఇసురుతయి. మన ఒంట్ల ఎలక్ట్రాన్లు ఉంటయి గదా, గా కణం సరిగ్గా దానికి ఉల్టా. రెండు కలిసినయంటే రెండూ ఉండయి. రెండు కిరణాలై చెరో దిక్కు పోతయి. మన మిషను పట్టేది వాటినే. యాడికెళ్లి ఎక్కువొస్తున్నయో చూస్తె గడ్డ యాడున్నదో తెలుస్తది."

"గా ఉల్టాది బయట యాడుంటది మరి?"

"యాడా లేదు. ఉన్నా చిటికెడు. పెద్ద పెద్దోళ్లకు గదే పరేషాన్." ఆమని చేతి తొడుగులు విప్పుతూ చెప్పింది. "లోకం పుట్టినప్పుడు మన లాంటి పదార్థం, దానికి ఉల్టా పదార్థం సమానంగ పుట్టాలె. సమానంగ పుడితే ఒకదాన్నొకటి తినుకుంట అంతా ఖతం కావాలె, వెలుగు తప్ప ఏం మిగలొద్దు. కాని వంద కోట్ల జతలకు ఒక్కటి లెక్కన మన దిక్కుది ఎక్కువున్నది. జతలన్ని పోయినయి. గా ఒక్కొక్కటి మిగిలింది. నువ్వు, నేను, గోదారి, సూర్యుడు, అన్నీ గా మిగిలినదాంతోనే అయినయి."

కొండల్ సీసం డబ్బా మీద చెయ్యి పెట్టాడు. "గా ఒక్కటి ఎందుకు ఎక్కువైంది?"

"తెల్వదు."

"నీకు తెల్వదా, ఎవలకు తెల్వదా?"

"ఎవలకు తెల్వదన్నా. కొన్ని కణాలు, వాటి ఉల్టా కణాలు ఒక్క తీరుగ నడుస్తలేవని కనిపెట్టిన్రు. జర తేడా ఉన్నది. కాని గంత చిన్న తేడాతోని గింత లోకం మిగలదు. ఇంకేదో ఉన్నది. దేవులాడుతున్నరు."

"వంద కోట్లల్ల ఒక్కదానికి పైరవీ చేసింది ఎవలో?"

ఆమని నవ్వింది. "గదే దేవులాడుతున్నరు. పైరవీ ఎవలిదో ఇంక దొరకలే."

ఆమెకది నవ్వులాట. కొండల్‌కు కాదు. దుబాయి నుంచి వచ్చాక, తెలియదు అన్న మనిషి అతనికి మొట్టమొదటిసారి కనిపించింది. అంత చదువుకున్న పిల్ల, ఇంత లోకం ఎందుకు మిగిలిందో తెలియదని మొహమాటం లేకుండా చెప్పింది, తాయెత్తు అనలేదు. ఆ రోజు నుంచి ఆమె మాటంటే అతనికి గౌరవం. కోపం మాత్రం అలాగే ఉంది, ఇంకా పెరిగింది కూడా. మిగిలినదాన్ని గురించి అందరూ ఇంతగా వెతుకుతున్నారే, పోయిన వంద కోట్లు ఏం పాపం చేశాయని ఎవరూ అడగరేమని అతని బాధ.

ఇక అసలు కథ. ఒక మంగళవారం సిద్దిపేట దాటాక మలుపు దగ్గర ఒక ఆటో తిరగబడి ఉంది. జనం మూగారు. కొండల్ బండి ఆపాడు. ఆపకూడదు, వెనక సీసాలో మందు ఆరిపోతోంది, ఆ సంగతి అతనికంటే బాగా తెలిసినవాళ్లు ఆ రోడ్డు మీద ఎవరూ లేరు. అయినా తిరగబడ్డ బండిని దాటిపోవడానికి కాలు ఒప్పుకోలేదు. అప్పటికే అంబులెన్సు వచ్చేసింది, అతను చేయడానికేమీ లేదు. ఊరికే నిలబడ్డాడు. తెలివి వచ్చి గడియారం చూసుకుంటే నలభై నిమిషాలు. సెంటర్లో పంచరైందని చెప్పాడు.

ఆ నలభై నిమిషాల మూలాన జాబితాలో చివరి మనిషికి మందు చాల్లేదు. ఆ మనిషి యాదవ్వ. బోథ్ దగ్గరి ఊరు, మొగుడు అంతయ్యతో రెండు బస్సులు మారి వచ్చింది. కడుపులో గడ్డ తీసేశారు, అది మిగతా ఒంట్లోకి పాకిందా లేదా తేలితే గానీ తర్వాతి వైద్యం మొదలుపెట్టరు. రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ తాగలేదు. వెనక్కి పంపుతుంటే మెట్ల మీద కూర్చుండిపోయింది. కొండల్ తట్టుకోలేక దగ్గరికి వెళ్లి, "గురువారం రా అవ్వా. నీ సూదిమందు నేను తెస్త. నాది జిమ్మ" అన్నాడు. ఎందుకు ఆలస్యమైందో మాత్రం చెప్పలేదు.

గురువారం ఐదున్నరకు ముందే గేటు దగ్గర నిలబడ్డాడు. చాయ తాగలేదు. సిద్దిపేట మలుపు దగ్గర తల తిప్పలేదు. కరీంనగర్ ఇంకా ముప్పై కిలోమీటర్లుందనగా పోలీసులు రోడ్డు ఆపారు. ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నాడట. ఎప్పుడు వస్తాడో ఎవరికీ తెలియదు, రోడ్డు మాత్రం ముందే ఆగిపోవాలి. మన దగ్గర మర్యాదంటే అదే.

కొండల్ దిగిపోయి కానిస్టేబుల్‌కు కాగితం చూపించాడు. "సార్, మందు. నిమిషం నిమిషానికి సస్తుంది. నన్నొక్కన్ని ఇడువు."

"ఏం మందు? మంచుల వెట్టిన కోడికూర గాదు గద?"

కొండల్ వెనక తలుపు తీసి డబ్బా మీది పసుపు గుర్తు చూపించాడు. కిరణాలనే మాట చదవగానే కానిస్టేబుల్ నాలుగడుగులు వెనక్కి వేశాడు. భయమైతే పడ్డాడు, దారి మాత్రం ఇవ్వలేదు. "పైనుంచి ఆర్డర్. నేను జేసేదేం లేదు."

యాభై నిమిషాలు. పదిహేను బండ్లు అద్దాలెత్తుకుని దూసుకుపోయాయి. ఆ బండ్లలో ఉన్నవాళ్లకు ఏ తొందర ఉందో గానీ, వాళ్ల వెనక రోడ్డు పొడుగునా ఆగిన జనంలో ఎవరి పనులు ఎంత చచ్చాయో లెక్క కట్టే యంత్రం ఇంకా రాలేదు. స్టీరింగును గుద్దీ గుద్దీ కొండల్ అరచెయ్యి వాచింది.

సెంటర్ చేరేసరికి పది కావచ్చింది. ఆమని డబ్బా తీసుకుని కొలిచి, కాగితం మీద రాసి, మళ్లీ కొలిచింది. "ఐదుగురికే వస్తదన్నా."

"యాదవ్వ ఎన్నో నంబరు?"

ఆమని గోడ వైపు చెయ్యి చూపించింది. కొండల్ గోడ మీది జాబితా చూశాడు. మంగళవారం వెనక్కి పోయింది కాబట్టి యాదవ్వ పేరు మొదటే రాసి ఉంది. దాని మీద గీత కొట్టి ఉంది. మొదటి నంబరులో లక్ష్మీకాంతరావు అని కొత్తగా రాశారు. యాదవ్వ ఆరో నంబరుకు దిగింది. మేనేజర్ అరుణ్‌కుమార్ చేతిరాత అది, కొండల్ గుర్తుపట్టాడు.

అరుణ్‌కుమార్ గదిలోనే ఉన్నాడు. "పెద్ద కుటుంబం కొండలూ. పొద్దున నాలుగు ఫోన్లొచ్చినయి. నేనేం జెయ్యాలె? ఆమెను సోమవారం రమ్మందం."

"సోమవారం ఇంకో నాలుగు ఫోన్లొస్తయి. అప్పుడు?"

"నువ్వు డ్రైవర్వు. డబ్బా దించినవ్, నీ పని అయిపోయింది."

"అయిపోలే సార్. నేను మాటిచ్చిన."

"నిన్నెవడు మాటియ్యమన్నడు?"

ఆ ప్రశ్నకు కొండల్ దగ్గర జవాబు ఉంది, చెప్పేది కాదు. అందుకే గొంతు పెరిగింది. ఆ గదిలోంచి వచ్చిన లొల్లి వీధిలోకి వినిపించిందని పక్క మెడికల్ షాపువాడు ఇప్పటికీ చెబుతాడు. మధ్యలో ఆమని తలుపు తీసింది. డాక్టరుతో ఫోన్లో మాట్లాడానంది. ఒక దారుంది. అందరికీ తలా కొంచెం తగ్గించి, తగ్గినదానికి మిషను మీద ఎక్కువసేపు పడుకోబెడితే, బొమ్మ వస్తుంది. ఆరుగురికీ సరిపోతుంది. సాయంత్రం మనం రెండు గంటలు ఎక్కువ పనిచేయాలి, అంతే.

"రావుగారికి తగ్గించేది లేదు" అన్నాడు అరుణ్‌కుమార్.

"నేను అడుగుత" అని కొండల్ హాలులోకి నడిచాడు.

హాలులో మెత్తటి కుర్చీ ఒక్కటే ఉంటుంది. అందులో లక్ష్మీకాంతరావు కూర్చున్నాడు. గోడవారన ఇనుప బెంచీ మీద యాదవ్వ, అంతయ్య. దొరతనం చేసే మనిషినొకణ్ణి ఎదురుగా నిలబెట్టి నాలుగు కడిగేద్దామని కొండల్ పోయాడు. అక్కడున్నది డెబ్బై ఏళ్ల భారీ మనిషి, ముంజేతికి కట్టిన కొత్త ఎర్రదారాన్ని అదేపనిగా తిప్పుకుంటున్నాడు.

"సార్, అందరికి జర జర తగ్గిస్తె అందరికి అందుతదట. మీరు ఒప్పుకోవాలె."

రావుగారు అతన్ని కిందినుంచి మీదికి చూశాడు. కసరలేదు. "నాది తగ్గియ్యకున్రి" అన్నాడు మెల్లగా. "మూడు రోజులాయె నిద్రలేక. బొమ్మ సరిగ రాకపోతే మల్ల రమ్మంటరు. మల్ల రాలేను నేను. భయమైతున్నది."

ఆ మనిషి పొగరుగా మాట్లాడి ఉంటే ఎంత బాగుండేది. భయపడేవాడి మీద కోపం తీర్చుకోవడమెట్లా? కోపం పోయిందనుకునేరు, పోలేదు. భయం బెంచీ మీద కూర్చున్న ఆమెకు కూడా ఉంది, ఆమె భయానికి నాలుగు ఫోన్లు చేసేవాళ్లు లేరు. ఆ మాట అనాలని ఉన్నా ఆ ఎర్రదారం ముందు రాలేదు. గిరుక్కున తిరిగొచ్చాడు.

ఆమని మళ్లీ లెక్క కట్టింది. రావుగారికి పూర్తిగా. మిగతా నలుగురికీ చెప్పి, ఒప్పించి, కొంచెం కొంచెం తగ్గించింది. ఆ నలుగురిలో ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదన్నది ఎక్కడా రాయరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇక సీసా అడుగున మిగిలింది మామూలు మనిషికైతే పనికిరాదు.

"యాదవ్వ బరువెంత?" అంది.

"ముప్పై ఆరు కిలోలు." కొండల్ ఆమె కాగితం చూసి చెప్పాడు.

"సరిపోతది. కాని ఇప్పుడే ఎక్కియ్యాలె. ఆగితే గిది కూడ ఉండది."

అరుణ్‌కుమార్ తలుపు దగ్గర ఏదో అనబోయాడు. కొండల్ కుర్చీ లాక్కుని ఆ తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు. యాదవ్వకు సూది పడేదాకా లేవలేదు.

రావుగారి స్కాను ముందు అయింది, కారొచ్చి తీసుకుపోయింది. తర్వాత యాదవ్వను తీసుకుపోయారు. అందరికంటే ఎక్కువసేపు ఆమే మిషనులో పడుకుంది. ఈలోగా వెంకటి ఫోన్ చేశాడు. "మేనేజర్ మస్తు గరమున్నడు. ఏంది నీ లొల్లి? గా ముసలామె ఎవల మనిషి?"

"ఎవల మనిషి గాదు. గందుకే."

"రేపటికెళ్లి నిన్ను పంపొద్దంటున్నడు."

"పంపకు. ఇయ్యాల మాత్రం గీడనే ఉంట." ఫోన్ పెట్టేశాడు.

యాదవ్వ బయటికి వచ్చేసరికి మూడైంది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చదవడానికి పనికొస్తుందనీ, రిపోర్టు రెండు రోజుల్లో వస్తుందనీ, ఇవాళ చిన్నపిల్లల్ని దగ్గరికి రానీయొద్దనీ ఆమని చెప్పింది. కొండల్ ముసలివాళ్లిద్దరినీ బండిలో ఎక్కించుకుని బస్టాండుకు తీసుకుపోయాడు. వెనక ఖాళీ సీసం డబ్బా పక్కన కూర్చుని అంతయ్య చేతులెత్తి దండం పెట్టాడు. "దేవుడు నిన్ను పంపిండు బిడ్డా."

కొండల్ బ్రేకు తొక్కాడు. బండి పక్కకు తీసి ఆపాడు. ఒంటికాలి మీద లేస్తాడని మీరు అనుకుంటారు. లేచాడు గానీ ఈసారి తన మీదే.

"దేవుడు పంపలే కాకా. మంగళారం అవ్వను ఎనక్కి పంపింది నేనే. పంచర్ గాలే. యాడనో ఆటో బోల్తా వడితే సూసుకుంట నిలవడ్డ. నలభై నిమిషాలు. మందు సస్తుందని తెలిసే నిలవడ్డ. మీకు జెప్పకుంట దాసిన."

అంతయ్య ఎత్తిన చేతులు దించాడు. యాదవ్వ కొంగు సర్దుకుని ముందుకు వంగింది.

"గా ఆటోల ఎవలన్న బతికిన్రా?"

"తెల్వదవ్వా."

"అడగలేదా?"

"లే."

ఆ ముప్పై ఆరు కిలోల మనిషికి అప్పుడొచ్చింది కోపం. "నా మందు సచ్చేదాక నిలవడితివి. గంతసేపు నిలవడి, బతికిన్రో సచ్చిన్రో గా ఒక్క ముచ్చట అడగకపోతివా? మరి నిలవడుడెందుకు?"

కొండల్ బండి స్టార్టు చేశాడు. వాళ్లను ఆదిలాబాద్ బస్సెక్కించాడు, అంతయ్య ఫోన్ నంబరు తీసుకున్నాడు. తొందర లేని దారిలో హైదరాబాద్ వైపు బయల్దేరాడు. పొద్దుగూకే వేళకు సిద్దిపేట ముందర ఆ మలుపు వచ్చింది. రోడ్డు పక్కన చాయ హోటలు ఉంది. దిగి అడిగాడు.

"మంగళారం ఈడ ఆటో పడ్డది గదా. ఎవలన్న బతికిన్రా?"

చాయ పోస్తున్నాయన గిన్నె దించాడు. "ఐదుగుర్ల ఒకామె బతికిందన్నా. అసలేమైందంటే, ఆమె మొన్ననే మల్లన్నకు బోనం..."

"కారణం అడగలే. బతికిందా?"

"బతికింది. నిన్న లేసి కూసున్నదట."

కొండల్ బండి దగ్గరికి వచ్చి అంతయ్యకు ఫోన్ చేశాడు. బస్సు చప్పుళ్లో ముసలాయనకు వినబడక యాదవ్వకు ఇచ్చాడు.

"ఒకామె బతికిందట అవ్వా."

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

"గామె ఒక్కతే ఎట్ల బతికిందట?"

ఏడేళ్లుగా ఊరంతా అతనికి చెప్పిన కారణాలన్నీ నోటిదాకా వచ్చాయి. మింగేశాడు.

"తెల్వదవ్వా. ఎవలకు తెల్వదు" అన్నాడు.

"మంచిగుంటే అదే సాలు" అంది యాదవ్వ. "నువ్వు ఏమన్న తిన్నవా పొద్దటి నుంచి?"

తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.